అడగడం, అప్పజెప్పడం

మా తమ్ముడి కూతురు ఎనిమిదేళ్లుగా సంగీతం నేర్చుకుంటూ ఉంది. పావగడలో మా ఇల్లు కోటకొండకు దగ్గర. ఉదయం నేను బ్యాంకుకు బయలుదేరే లోపల ఒక గంట, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఒక గంట సాధన చేస్తుంది. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చింది. జూనియర్ పరీక్ష మంచి మార్కులతో పాసైంది. సీనియర్‌కు సిద్ధమవుతూ ఉంది.

పోయిన సంవత్సరం ఒక పోటీకి వెళ్లి మైసూరు వాసుదేవాచార్యుల ఖమాసు కీర్తన 'బ్రోచేవారెవరురా' పాడింది. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. చిట్టస్వరం రెండు కాలాల్లోనూ జారకుండా పాడింది. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన ఒకరు "అచ్చం రికార్డు మాదిరే పాడినావమ్మా" అన్నారట. బహుమతి రాకపోయినా ఆ మాట పట్టుకుని సంతోషంగా ఇంటికి వచ్చింది. ఆ మాటలో మెప్పు ఎంత ఉందో, ఇంకేదైనా ఉందో దానికి తట్టడానికి వారం పట్టింది. తట్టిన రోజు పుస్తకం మూసేసి, "నాకు సంగీతం రాదు పెద్దనాయనా, పాఠం మాత్రమే వస్తుంది" అన్నది.

ఇందులో తప్పు నాది కూడా. ఆ రికార్డు తెచ్చిచ్చింది నేనే. "ఇట్ల పాడితే చాలు, ఒక్క గమకం కూడా పోగొట్టొద్దు" అని చెప్పిందీ నేనే. నేను కామర్స్ చదివినవాణ్ణి. అసలుతో నకలు సరిపోతే ఆ పని పూర్తయినట్లే అని ముప్పై ఏళ్లుగా నమ్మి బతికినవాణ్ణి. సంగీతంలో ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుసుకోవాలని అప్పటినుంచి కొంత చదివాను, కొంత విన్నాను. ఆ తెలిసిన నాలుగు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. పాడేవాడిగా కాదు, వినేవాడిగా.

ఈ సంగతి మా ఇంట్లో మొదట పట్టుకున్నది మా అమ్మ. ఆమెకు రాగం పేర్లు తెలియవు. భజన మందిరంలో పాడుకున్న పాటలే ఆమె సంగీతం. పిల్ల దిగులుగా కూర్చుని ఉంటే, "ఆ పాట ఇంగోసారి పాడు పాపా" అన్నది. పాడింది. అంతా విని, "అది ఎవరిని ఏమడుగుతాండేది?" అన్నది. "తెల్దవ్వా" అన్నది పిల్ల. "నువ్వు గాకుండా నన్ను కాపాడేటోడు ఎవర్రా అని గదా అడుగుతాండేది? అడిగినట్ల లేదే నువ్వు పాడితే. అప్పజెప్పినట్ల ఉంది."

సంగీత విద్యార్థికి భావం ఎట్లా వస్తుంది అనే ప్రశ్నకు నేను చదివిన పుస్తకాలలో కూడా ఇంతకంటే చక్కని విమర్శ దొరకలేదు. అడగడం వేరు, అప్పజెప్పడం వేరు. మాటలు అవే, స్వరాలు అవే. తేడా ఎక్కడ?

మొదట మన ప్రాంతపు చిక్కు ఒకటి చెప్పుకోవాలి. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా పిల్లలకు తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. కాబట్టి త్యాగరాజ కీర్తన అయినా వాళ్లు కన్నడ లిపిలోనే రాసుకుని నేర్చుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు. కన్నడ అక్షరాలలో తెలుగు రాస్తే పెద్దగా ఏమీ పోదు. కానీ పోయే ఆ కొంచెమే ప్రాణం లాంటిది. 'నిధి చాల సుఖమా' అనే త్యాగరాజ కీర్తన తీసుకోండి. ఇంట్లో మా పిల్ల అన్నం వడ్డిస్తుంటే "చాలు" అంటుంది. ఆ 'చా' పంటికి నాలుక తగిలి పలికే మెత్తని 'చా'. పాటకు కూర్చుంటే అదే అక్షరం 'చాప్టర్'లో 'చా' అయిపోతుంది. ఎందుకంటే ఆ పాట దానికి ఇంటి నుంచి రాలేదు, నోటుపుస్తకం నుంచి వచ్చింది. పైగా ఊపిరి ఎక్కడ అందకపోతే అక్కడ తీసుకోవడం అలవాటై 'నిధిచా' అని ఆగి 'లసుఖమా' అని ఎత్తుకునేవాళ్లు ఉన్నారు. ఇది సంగీత లోకంలో పాత హాస్యమే. డబ్బు ఎక్కువ సుఖమా, రాముని చెంత ఉండడం ఎక్కువ సుఖమా అని తనను తాను నిలదీసుకున్న మనిషి ప్రశ్న ఆ విరుపుతో ప్రశ్న కాకుండా పోతుంది.

'బ్రోచేవారెవరురా' సంగతీ అంతే. 'బ్రోచేవారు', 'ఎవరురా' అని రెండు మాటలు. సంధిలో కలిసిపోయి 'బ్రోచేవా' దగ్గర విరగడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అర్థం తెలిసిన గొంతు అక్కడ ఊపిరి తీసుకోదు. తీసుకోవలసి వచ్చినా, మాట ఇంకా ముగియలేదన్న ఎరుక ఆ ఆగడంలో ఉంటుంది. ఈ ఎరుకను స్వరలిపి రాసి చూపలేదు. స్వరలిపిలో స్వరం ఉంటుంది, కాలం ఉంటుంది, కొన్నిసార్లు గమకానికి గుర్తు ఉంటుంది. అడగడానికి గుర్తు లేదు.

ఆ కీర్తనలో అసలు కీలకం చివరి అక్షరం 'రా'. దేవుణ్ణి 'రా' అని పిలవడం అమర్యాద కాదు, చనువు. తల్లి కొడుకును పిలిచే 'రా', స్నేహితుడు స్నేహితుణ్ణి నిలదీసే 'రా'. కన్నడంలో దాసులు కృష్ణుణ్ణి 'బారో' అని పిలిచినప్పుడు ఆ చివరి 'ఓ' చేసే పని కూడా ఇదే. ఈ కీర్తనలో భక్తుడు కేవలం వేడుకోవడం లేదు, కొంచెం అలిగి కూడా ఉన్నాడు. నామీద నీకు అభిమానం లేదా అని అడుగుతాడు. చరణంలో ఏనుగును కాపాడిన కథ గుర్తుచేస్తాడు. దానిని కాపాడినవాడివి నన్నెందుకు కాపాడవు అన్న వాదం అది. 'రా' అన్న ఒక్క అక్షరంలో ఈ అలక, చనువు, భయం మూడూ ఉన్నాయి. పల్లవిలో సంగతులు పెరిగేకొద్దీ ఈ మూడింటిలో ఒక్కొక్కటి ముందుకు వస్తుంది, రావాలి. సంగతులంటే పాఠం ముదిరేకొద్దీ కష్టం పెరిగే మెట్లు అని మా పిల్ల అనుకుంటూ వచ్చింది. నేనూ అట్లే అనుకున్నాను. ఒకే ప్రశ్నను ఆరుసార్లు అడిగితే ఆరుసార్లూ ఒకే తీరుగా అడగం కదా. సంగతికి మూలం అక్కడుందని వింటూ వింటూ నాకు తెలిసింది.

ఈ 'రా'ను ఇంత బాగా పట్టుకున్న వాసుదేవాచార్యుల వారు తెలుగువారు కారు. ఇది మనం తరచూ మరిచిపోతాం. 1865లో మైసూరులో పుట్టిన కన్నడిగుడు. మొదట సంస్కృతం చదివారు, వీణ పద్మనాభయ్య దగ్గర పాఠం చేశారు. తరువాత చామరాజేంద్ర ఒడెయరు ఆదరంతో తిరువయ్యారు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు దగ్గర గురుకులవాసం చేశారు. సుబ్రహ్మణ్య అయ్యరుకు గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయనకు గురువు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. ఈ పరంపరలో తెలుగు దేశంలో కూర్చుని తెలుగు రాసినవాడు ఒక్కడూ లేడు. తంజావూరు సీమలో, చెన్నపట్నంలో, మైసూరులో ఉండి రాశారు. ఆచార్యుల వారు కీర్తనలు ఎక్కువగా తెలుగులోను, సంస్కృతంలోను కట్టారు. మనకు ఇంటి భాష అయిన తెలుగును ఆయన విద్యగా నేర్చుకుని, అందులో అలగడం కూడా నేర్చుకున్నారు. మనం ఆ భాష ఇంట్లో పెట్టుకుని, పాటలో మాత్రం పరాయిభాషలాగా అప్పజెబుతున్నాం. బ్యాంకు మాటల్లో చెప్పాలంటే ఖాతా ఉంది, లావాదేవీ లేదు. అట్లాంటి ఖాతా కొన్నాళ్లకు నిద్రాణ ఖాతా అవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. భావం అర్థంలోనే ఉంటే వీణ మాటేమిటి? మైసూరు ఆస్థానంలో వీణ శేషణ్ణగారు ఏ మాటలు పలికారు? అర్థం తెలియకుండానే తెలుగు కీర్తనలు పాడి వేలమందిని కదిలించిన తమిళ విద్వాంసులు లేరా? తెలుగు పుట్టుకతో వచ్చి, పొడిపొడిగా పాడే తెలుగువారు లేరా?

ఉన్నారు. అందుచేత అర్థం తెలిస్తే భావం దానంతట అదే వస్తుందని నేననను. నేననేది ఇంతే. విద్యార్థి ఏదో ఒక తలుపు గుండా పాట లోపలికి పోవాలి. రాగం అనే తలుపు పెద్దది, బరువైనది. ఖమాసులో దైవతం మీద ఎంతసేపు నిలబడితే ఎట్లా ఉంటుందో తెలిసి లోపలికి పోవడానికి ఏళ్లు పడుతుంది. తాళం ఇంకో తలుపు. మాట అనే తలుపు మా పిల్లలకు పుట్టినప్పటి నుంచి తెరిచే ఉంది. తెరిచి ఉన్న తలుపును వదిలి గోడ ఎక్కమని ఎందుకు చెబుతున్నాం అన్నదే నా ప్రశ్న. ఇక తెలుగు రాని విద్వాంసులలో గొప్పవారు అర్థం అడిగి తెలుసుకుని, మాట మాట విడగొట్టి రాసుకుని పాడినవారే. తమకు లేనిదాన్ని వారు కష్టపడి సంపాదించుకున్నారు.

ఇంకో వైపు నుంచి చూద్దాం. అనుకరణ చెడ్డదా? రికార్డు మాదిరి పాడడమే తప్పయితే గురుముఖంగా నేర్చుకోవడం అనే పద్ధతి అంతా తప్పే కావాలి. గురువు పాడగా శిష్యుడు అట్లాగే పాడడం తప్ప మన సంగీతానికి వేరే బడి లేదు. అయితే ఒక విషయం గమనించండి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు శిష్యులలో వాసుదేవాచార్యులు ఒకరు, 'పూచి' అని పిలిచే రామ్నాడు శ్రీనివాస అయ్యంగారు ఒకరు, టైగర్ వరదాచారి ఒకరు. ముగ్గురూ ఆ ఇంటి పాఠం తిన్నవాళ్లే. వాసుదేవాచార్యులు వాగ్గేయకారుడిగా నిలిచారు. శ్రీనివాస అయ్యంగారి శిష్యుడు అరియక్కుడి రామానుజ అయ్యంగారు నేటి కచేరీ పద్ధతికి రూపం ఇచ్చారు. టైగర్ వరదాచారి గొంతు తీపి గొంతు కాదని అందరూ చెప్పేదే. అయినా ఆయన మనోధర్మం కోసం రసికులు ఎదురుచూసేవారు. గురువును మక్కికి మక్కి దించుకుని ఉంటే ఒకే గొంతు మూడుసార్లు వినపడేది. వినపడలేదు.

గురువుకూ రికార్డుకూ తేడా ఇక్కడే ఉంది. గురువు ఇవాళ పాడినట్లు రేపు పాడడు. జలుబు చేసిన రోజు ఒక రకంగా, మనసు బాగున్న రోజు ఒక రకంగా, కచేరీలో ఇంకో రకంగా పాడతాడు. వెనుక తంబుర పట్టుకుని కూర్చున్న శిష్యుడు ఒకే పాటను పది రూపాల్లో వింటాడు. పదింటిలోనూ మారనిది ఏదో, మారేది ఏదో వాడికి మెల్లగా తెలుస్తుంది. ఆ మారేచోట తనకూ కొంత జాగా ఉందని తెలుస్తుంది. రికార్డు వెయ్యిసార్లు పెట్టినా ఒకేలా పాడుతుంది. అది చెప్పేది ఒక్కటే: ఇది ఇంతే. నేను మా పిల్లకు ఇచ్చింది ఒక పాట కాదు, ఒక సాయంత్రం ఎవరో పాడిన పాట. ఈనాడు ఫోనులో ఒక్క కీర్తనకు ఇరవైమంది దొరుకుతారు. ఒక్కరినే వెయ్యిసార్లు వినే బదులు ఇరవైమందిని ఐదేసి సార్లు వినమని చెప్పి ఉంటే గురుకులంలో దొరికే ఎరుకలో పావలా వంతైనా దొరికి ఉండేది.

వాసుదేవాచార్యుల వారు కన్నడంలో రాసిన జ్ఞాపకాల పుస్తకం ఒకటి ఉంది. పేరు 'నా కండ కలావిదరు', అంటే నేను చూసిన కళాకారులు. తొంభై ఏళ్లు దాటి బతికిన పెద్ద విద్వాంసుడు తన కథ చెప్పబోయి ముందు ఇతరుల కథలు చెప్పారు. ఆ పేరే విద్యార్థికి ఒక పాఠమని నాకు తోస్తుంది. ముందు చూడడం, వినడం, ఎదుటివాడి గొప్ప ఎక్కడుందో గుర్తుపట్టడం. తన గొంతు ఆ తరువాత. 1950లలో రుక్మిణీదేవి పిలుపు మీద కలాక్షేత్రానికి వెళ్లి, తొంభై ఏళ్ల వయసులో రామాయణ నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. 1961లో ఆయన పోయాక మిగిలిన భాగాన్ని మనుమడు రాజారాం పూర్తిచేశారు. భావం అనేది ఒక పరీక్షకు ముందు వచ్చి తీరవలసిన సరుకు కాదని ఆ వయసు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మనందరికీ ఇష్టమైన 'శంకరాభరణం' దగ్గరికి వస్తాను. 1980లో ఆ సినిమా వచ్చినప్పుడు నేను హైస్కూలు పిల్లవాణ్ణి. కన్నడ దేశంలో ఉన్న మాలాంటివాళ్లకు ఆ సినిమా ఇచ్చిన గర్వం ఇంతా అంతా కాదు. 'బ్రోచేవారెవరురా'ను ఇంటింటికీ తెచ్చింది ఆ సినిమానే. పాడిన బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు ఆ సినిమాకే జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఒక సంగీతం మేస్టారు ఈ కీర్తననే తన ఇష్టం వచ్చినట్లు మార్చి పాఠం చెబుతుంటే శంకరశాస్త్రి కోప్పడే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఆకలేసిన బిడ్డ అమ్మా అని పిలిచే తీరు ఒకటి, దెబ్బ తగిలిన బిడ్డ పిలిచే తీరు ఇంకొకటి అని, ఒక్కో అనుభవానికి ఒక్కో నాదం ఉందని ఆయన చెబుతారు. విశ్వనాథ్ గారి సినిమాలన్నిటిలోనూ నాకు నచ్చిన ఘట్టాల్లో అది ఒకటి. మా అమ్మ అడిగినదీ, శాస్త్రిగారు చెప్పినదీ నిజానికి ఒకే మాట.

కానీ ఇన్నేళ్ల తరువాత, ఇంట్లో ఒక విద్యార్థిని పెట్టుకుని ఆ సినిమా మళ్లీ చూస్తే ఒక లోటు కనిపించింది. శాస్త్రిగారి మాటను పట్టుకుని నేర్చుకునే మనిషి ఆ సినిమాలో లేడు. తులసి మొదటి నుంచే ఆరాధనతో నిండి ఉంది. ఆమె కొడుకు శాస్త్రిగారి దగ్గర చేరి కొన్ని పాటల్లో విద్యంతా అందుకుంటాడు. చివరికి గురువు కుప్పకూలితే ఆయన పాటను పూర్తిచేస్తాడు. ఆ ఘట్టం కంట నీరు పెట్టిస్తుంది, కాదనను. కానీ ఆ కుర్రవాడు ఒక్కసారైనా అప్పజెప్పినట్లు పాడగా, శాస్త్రిగారు ఆపి సరిదిద్దగా, వాడు రాత్రంతా కూర్చుని మళ్లీ పాడుకోగా మనం చూడం. భావం అక్కడ భక్తి ఇచ్చే వరంలా ఉంది, కష్టపడి పట్టుకునే విద్యలా లేదు. సినిమాకు రెండున్నర గంటలే కాబట్టి దర్శకుణ్ణి తప్పుపట్టను. ఆ సినిమా చూసి పిల్లల్ని సంగీతానికి పంపిన మా తరం పెద్దల్ని తప్పుపడతాను. పిల్లల నోట ఆ చివరి ఘట్టం మనకు కావాలి, నడుమ ఎనిమిదేళ్లు అక్కరలేదు.

ఆ తొందరకు ఈనాటి టీవీ పోటీలు తోడయ్యాయి. అక్కడ పిల్లలకు 'ఎక్స్‌ప్రెషన్ కావాలి' అని చెబుతుంటారు. ఆ మాట వినగానే పిల్లలు కళ్లు మూసుకుంటారు, కనుబొమలు ముడుస్తారు, గొంతు వణికిస్తారు. అది కూడా అప్పజెప్పడమే. ఈసారి స్వరాన్ని కాక ముఖాన్ని అప్పజెబుతున్నారు. నిజంగా అడిగే మనిషి ముఖం గురించి ఆలోచించడు. జవాబు గురించి ఆలోచిస్తాడు.

మరి నడుమ ఎనిమిదేళ్లలో ఏం జరగాలి? ఇక్కడ నాకు దారి చూపినవారు మా పక్క సీమ పెద్ద, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురం జిల్లా కంబదూరు దగ్గర రాళ్లపల్లిలో పుట్టారు. మా తాలూకాకు అది పెద్ద దూరం కాదు. మొదటి సంగీతం తల్లి దగ్గర. చిన్నతనంలోనే మైసూరు చేరి సంస్కృతం చదివారు, బిడారం కృష్ణప్ప వంటివారి దగ్గర సంగీతం నేర్చారు. 1912 నుంచి 1949 దాకా మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు చెప్పారు. వేమన మీద తెలుగులో ఉపన్యసించిన ఆయనే సంగీతం మీద కన్నడంలో 'గానకలె' రాశారు. గురువు కృష్ణప్పగారి ఇంటి భాష కొంకణి, కచేరీలో పాడి పేరు తెచ్చుకున్నవి కన్నడ దాసుల పదాలు. కన్నడిగుడైన వాసుదేవాచార్యులు తెలుగులో కీర్తన కడుతున్నారు. తెలుగువాడైన శర్మగారు కన్నడంలో సంగీతశాస్త్రం రాస్తున్నారు. ఆనాటి మైసూరులో ఎవరి భాషా ఎవరికీ అడ్డం కాలేదు. ఎందుకంటే ఎవరూ పక్కవాడి భాషను అర్థం లేని శబ్దంగా వాడుకోలేదు.

మైసూరు ఉద్యోగం అయ్యాక శర్మగారు తిరుపతి వెళ్లారు. అక్కడ అన్నమాచార్యుల పాటలు రాగిరేకుల మీద ఉన్నాయి. ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఐదువందల ఏళ్ల కిందటి పాట ఎట్లా పాడేవారో చెప్పేవారు లేరు. అనుకరించడానికి గురువు లేడు, రికార్డు లేదు. ఉన్నది మాట ఒక్కటే. శర్మగారు ఆ మాటలో నడక ఎక్కడుందో, ఊపిరి ఎక్కడుందో, అలక ఎక్కడుందో వెతికి నూరుకు పైగా పాటలకు వరసలు కట్టి స్వరపరిచారు. పండితుడి తెలుగు, విద్వాంసుడి సంగీతం రెండూ ఒక మనిషిలో ఉంటే తప్ప జరగని పని అది. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది.

మా పిల్ల శర్మగారంతటిది కావాలని కాదు. ఆయన చేసిన పనిని చిన్న కొలతలో ప్రతి విద్యార్థీ చేయవచ్చునని నా నమ్మకం. కొత్త కీర్తన మొదలుపెట్టే ముందు ఆ మాటల్ని స్వరం లేకుండా, ఇంట్లో మాట్లాడుకున్నట్లు పైకి చదవాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో ఒక వాక్యంలో ఇంటి తెలుగులో చెప్పగలగాలి. అది చెప్పలేకపోతే పాఠం ఎత్తుకోకూడదు. తరువాత తాళం వేస్తూ మాటల్ని చదవాలి. అప్పుడు ఏ మాట ఎక్కడ పడుతుందో, ఏ మాట సగంలో విరిగే ప్రమాదం ఉందో తెలుస్తుంది. స్వరం ఆ తరువాత.

నెరవల్ అనే ప్రక్రియ ఎందుకు ఉందో నాకు ఇట్లా ఆలోచిస్తేనే అర్థమైంది. కీర్తనలో ఒక పంక్తి తీసుకుని, మాటలు తాళంలో తమ తమ చోట్ల ఉండగానే రాగాన్ని మాత్రం కొత్తగా అల్లుకుంటూ పోవడం నెరవల్. మాట కదలదు, పాట కదులుతుంది. నేర్చిన పాఠం నుంచి సొంత ఊహకు వేసే మొదటి అడుగు అది. అక్కడ రికార్డు చెయ్యి పట్టుకోదు. అదే పంక్తిని పదిసార్లు పాడవలసి వచ్చినప్పుడు ఆ పంక్తిలో నీకు ఏమి కావాలో నీకు తెలిసి ఉండాలి. లేకపోతే మూడోసారికే గొంతు ఖాళీ అవుతుంది. మన పాఠాల్లో దీన్ని చాలా ఆలస్యంగా, పెద్ద విద్వాంసులకే తగినదన్నట్లు ఉంచుతారు. పిల్లలకు తెలిసిన భాషలో ఉన్న చిన్న పంక్తితో, తెలిసిన రాగంలో, ఇంట్లోనైనా తొందరగా మొదలుపెట్టిస్తే తప్పేమిటో విద్వాంసులు చెప్పాలి. తప్పయితే దిద్దుకుంటాను.

మా పిల్ల పుస్తకం మూసిన నెలకు మళ్లీ తెరిచింది. నేను చెప్పినందుకు కాదు. మా అమ్మ పట్టు వదలక, పిల్ల పాడే ప్రతి పాటకూ "ఏమంటాండేది?" అని అడగడం మొదలుపెట్టినందుకు. పిల్లకు జవాబు చెప్పక తప్పలేదు. చెప్పడానికి మేస్టారును అడిగింది, నన్ను అడిగింది, తెలుగు అక్షరాలు కూడా కూడబలుక్కుని నేర్చుకుంటూ ఉంది. కొన్ని మాటలకు అవ్వే అర్థం చెప్పింది. నోటుపుస్తకంలో కన్నడ లిపిలో రాసుకున్న సాహిత్యం కింద ఇప్పుడు పెన్సిలుతో గీతలు ఉన్నాయి. ఎక్కడ మాట ముగుస్తుందో అక్కడ చిన్న గీత.

బాగా పాడుతోందని నేను చెప్పను, ఆ తీర్పు నాది కాదు. మొన్న ఒక సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఆ ఖమాసు కీర్తనే పాడుతూ ఉంది. రెండుచోట్ల తడబడింది, ఒక సంగతి మరిచిపోయి మళ్లీ ఎత్తుకుంది. పోటీలో పాడినప్పుడు ఇట్లా తడబడలేదు. వసారాలో కూర్చున్న మా అమ్మ ఈసారి ఏమీ అడగలేదు. చరణం అయ్యేదాకా విని, "అయితే కాపాడతాడంటావా?" అన్నది.

"తెల్దవ్వా" అన్నది పిల్ల, "అడుగుతాండా."